వాల్వ్ సంగతి తర్వాత, ముందు మింగుడు సంగతి తేల్చుకోండి

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇదండి: నాన్నగారికి 58 ఏళ్లు, క్యాన్సర్ వల్ల స్వరపేటిక మొత్తం తీసేసి ఎనిమిది నెలలైంది, ఆ తర్వాత కరెంటు (రేడియేషన్) కూడా పెట్టించారు. ఊపిరి మెడ దగ్గర రంధ్రంలోంచే. మాట లేదు, ఏం కావాలన్నా పలక మీద రాసి చూపిస్తున్నారు. మొదట్లో మెత్తగా కలిపిన పప్పన్నం తినేవారు, రెండు నెలలుగా చోడి జావ, గంజి తప్ప ఏదీ దిగడం లేదు. కోత లేకుండా గొంతులో వాల్వ్ అనే చిన్న పరికరం పెడితే మాట వచ్చేస్తుందని ఎవరో చెప్పారు, అది విశాఖలో అవుతుందా, హైదరాబాద్ తీసుకెళ్లాలా అని అడిగారు. మళ్లీ ఆపరేషన్ అంటే ఆయన భయపడిపోతున్నారని కూడా రాశారు.

నేను విశాఖలోనే మాటకీ మింగుడుకీ థెరపీ చేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను, ఇలాంటి పేషెంట్లను ఈఎన్‌టీ, క్యాన్సర్ సర్జన్లతో కలిసి చూస్తుంటాను. నేను సర్జన్‌ని కాదు కాబట్టి ఏ ప్రొసీజర్ ఎప్పుడు చేయాలన్నది ఆయన్ని స్వయంగా పరీక్షించే డాక్టర్ తేల్చాలి. కానీ ఏ వరసలో వెళ్లాలో, వెళ్లినప్పుడు ఏం అడగాలో నేను చెప్పగలను.

మాట వచ్చే అవకాశం బాగానే ఉంది. ఇప్పుడున్న పద్ధతులు చాలావరకు నోట్లోంచో ముక్కులోంచో స్కోప్ (కెమెరా ఉన్న గొట్టం) పంపి చేసేవే, మెడ మళ్లీ కోయాల్సిన అవసరం చాలామందికి రాదు. అయితే మీరు రాసినదాంట్లో నన్ను కంగారు పెట్టింది మాట సంగతి కాదు, "రెండు నెలలుగా జావ తప్ప దిగడం లేదు" అన్న ముక్క. అన్నం తినగలిగిన మనిషి మెల్లగా జావలోకి దిగిపోయాడంటే లోపల ఏదో మారింది. చాలాసార్లు అది కరెంటు వల్ల, కుట్ల వల్ల గట్టిపడిన మచ్చే అవుతుంది. కానీ కొందరిలో జబ్బు తిరగబెట్టడం కూడా ఇలాగే మొదలవుతుంది. అందుకే ముందు స్కోప్ వేసి లోపల చూడాలి, అనుమానం ఉన్నచోట ముక్క తీసి పరీక్షకి పంపాలి, అవసరమైతే స్కాన్ తీయాలి. ఆ పని కాకుండా ఎవరైనా నేరుగా "బెలూన్ పెట్టి వెడల్పు చేసేద్దాం" అన్నా, "వాల్వ్ పెట్టేద్దాం" అన్నా ఒప్పుకోకండి. భయపెట్టాలని చెప్పడం లేదండి, మచ్చే అని తేలితే మీకూ మనసు కుదుటపడుతుంది.

మాటకి ముందు మింగుడు ఎందుకంటున్నానో చెప్తాను. స్వరపేటిక తీసేశాక ఊపిరి దారీ తిండి దారీ పూర్తిగా వేరైపోతాయి. ఊపిరి మెడ రంధ్రం నుంచి ఊపిరితిత్తులకి, తిండి నాలుక వెనక నుంచి అన్నవాహికలోకి. కాబట్టి వాల్వ్ పెట్టనంతవరకు మామూలు మనుషుల్లా ఆయనకి పొలమారి తిండి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం లేదు, ఈ ఒక్క విషయంలో ధైర్యంగా ఉండొచ్చు. ఇక వాల్వ్ పెట్టినప్పుడు మాట వచ్చేది వాల్వ్ నుంచి అని అందరూ అనుకుంటారు, కాదు. వాల్వ్ గాలిని అన్నవాహికలోకి పంపుతుందంతే. శబ్దం పుట్టేది అన్నవాహిక పైభాగంలో, గొంతు గోడలు ఒకదానికొకటి తగిలి అదిరే చోట. సన్నాయిలో గాలి ఎంత ఊదినా మోగాల్సింది నోటి దగ్గరి పీకే కదా, ఇక్కడా అంతే. మింగిన ముద్ద దిగాల్సిందీ సరిగ్గా ఆ చోటు గుండానే. అది మచ్చ కట్టి బిగుసుకుపోయిందంటే ముద్ద కిందకి దిగదు, గాలి పైకి రాదు, వచ్చినా గోడలు అదరవు. అలాంటి గొంతులో ఖరీదైన వాల్వ్ పెట్టి, మాట రాలేదని నిరాశపడి, చివరికి వాల్వ్ తీయించేసుకున్నవాళ్లని నేను చూశాను. తప్పు వాల్వ్‌ది కాదు.

అందుకే మొదట అడగాల్సిన పరీక్ష బేరియం అనే ఎక్స్‌రేలో కనబడే మందు మింగించి ఎక్స్‌రే వీడియో తీసేది. ఫోటో కాదు, వీడియో కావాలి, ఎందుకంటే మింగడం ఒక సెకనులో జరిగిపోతుంది, ఫోటోలో ఆ క్షణం దొరకదు. నీళ్లలాంటిది, చిక్కటిది, ముద్దలాంటిది మూడూ ఇచ్చి చూడమని అడగండి. దాంతో పాటు ముక్కులోంచి వేసే సన్నటి స్కోప్. ఈ రెండూ కలిపి చూస్తే కారణం చాలావరకు తెలుస్తుంది: మచ్చ వల్ల ఇరుకైందా, కండరం బిగుసుకుంటోందా, నాలుక మొదట్లో సంచిలాంటిది ఏర్పడి తిండి అక్కడ నిలిచిపోతోందా, లేక దారి బాగానే ఉండి నాలుక బలం తగ్గి, లాలాజలం ఎండిపోయి నెట్టలేకపోతున్నారా. బయటికి నాలుగూ ఒకేలా కనిపిస్తాయి, "మింగుడు పడటం లేదు" అనే చెప్తారు. వైద్యం మాత్రం దేనికదే.

మచ్చ వల్ల ఇరుకైతే వెడల్పు చేయడమే మొదటి మార్గం. సన్నటి తీగ మీదుగా ఒకదాని తర్వాత ఒకటి లావు పెంచుకుంటూ గొట్టాలు పంపుతారు, లేదా బెలూన్ పెట్టి నెమ్మదిగా ఉబ్బిస్తారు. దారి సుమారు 13 మిల్లీమీటర్ల కంటే సన్నగా ఉంటే గట్టి ముద్ద దిగదు, కాబట్టి లక్ష్యం దానికి మించి వెళ్లడం. కానీ ఒక్కరోజులో అక్కడికి వెళ్లాలని చూడరు. గట్టిగా తగిలిన దగ్గర నుంచి ఒక విడతలో 3 మిల్లీమీటర్లకి మించి పెంచకూడదన్న పాత నియమాన్ని చాలామంది డాక్టర్లు పాటిస్తారు, కరెంటు పెట్టిన గొంతులో ఆ జాగ్రత్త ఇంకా అవసరం. అందుకే మొదట్లో వారం రెండు వారాల తేడాతో మళ్లీ మళ్లీ చేయాల్సి వస్తుంది, తర్వాత ఎడం పెరుగుతుంది. "ఒకసారి చేశారు, నెలకి మళ్లీ మొదటికొచ్చింది, లాభం లేదు" అని మధ్యలో మానేయకండి, మచ్చ స్వభావమే మళ్లీ దగ్గరపడటం. పదే పదే మూసుకుంటుంటే మచ్చలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వడం, మైటోమైసిన్ అనే మందు పూయడం లాంటివి కూడా ఉన్నాయి, మీ విషయంలో పనికొస్తాయో లేదో అడగండి.

దీంట్లో భయపడాల్సింది ఒకటే, గోడ చిరగడం. అరుదే, కానీ జరిగితే ప్రాణం మీదకి వస్తుంది. ప్రొసీజర్ అయిన రోజూ మర్నాడూ ఛాతీలోనో వీపులోనో తీవ్రమైన నొప్పి, జ్వరం, మెడ ఉబ్బి చర్మం కింద నొక్కితే చిటపటలాడటం, వీటిలో ఏది కనిపించినా మంచినీళ్లు కూడా తాగించకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. రేపు ఓపీకి చూపిద్దాం అనుకునే విషయం కాదది.

నాలుక మొదట్లో సంచి కట్టడం గురించి చాలామందికి తెలియదు. గొంతు కుట్టినప్పుడు ముందువైపు ఒక మడత లేచి, దాని ముందు గుంటలా ఏర్పడుతుంది. తిన్నది అక్కడ చేరి, కాసేపటికి మళ్లీ నోట్లోకి వస్తుంది. వాంతి అని గ్యాస్ మందులు వాడుతుంటారు పాపం. ఇది నిజంగా ఇబ్బంది పెడుతుంటే నోట్లోంచే వెళ్లి ఆ మడతని లేజర్‌తో చీల్చేయొచ్చు. దారి పూర్తిగా మూసుకుపోయిన అరుదైన కేసుల్లో పైనుంచి ఒక స్కోప్, కడుపుకి పెట్టిన గొట్టం రంధ్రంలోంచి ఇంకొకటి పంపి, రెండు వైపుల నుంచీ కలిపి దారి తెరుస్తారు, అది మాత్రం బాగా అలవాటున్న పెద్ద సెంటర్‌లోనే చేయించాలి. మీ నాన్నగారికి జావ దిగుతోంది కాబట్టి అంతదూరం వెళ్లలేదు.

నాలుక బలహీనత, నోరు ఎండిపోవడం అయితే ప్రొసీజర్‌తో పనిలేదు. వ్యాయామాలు, తినే పద్ధతి మార్చడం, ముద్ద ముద్దకీ గుక్కెడు నీళ్లు, నెయ్యి, రసం, మజ్జిగతో జారేలా కలపడం. వెడల్పు చేయించుకున్నవాళ్లకి కూడా ఈ థెరపీ తప్పనిసరి, ఎందుకంటే నెలల తరబడి వాడని కండరం దారి తెరిచినంత మాత్రాన పనిచేయదు. తిండి కోసం ముక్కులో గొట్టం పెట్టి ఉన్నా సరే డాక్టర్ సరేనన్న మేరకు రోజూ ఎంతో కొంత నోటితో మింగుతుండాలి.

ఇప్పుడు మాట దగ్గరికి వద్దాం.

శ్వాసనాళం వెనక గోడకీ అన్నవాహిక ముందు గోడకీ మధ్య చిన్న రంధ్రం చేసి, అందులో ఒకవైపే తెరుచుకునే సిలికాన్ వాల్వ్ పెట్టడం అనే పద్ధతిని అమెరికాలో సింగర్, బ్లోమ్ అనే ఇద్దరు 1980లో ప్రచురించారు. మెడ రంధ్రాన్ని వేలితో మూసి ఊపిరి వదిలితే గాలి వాల్వ్ గుండా గొంతులోకి వెళ్లి మాట వస్తుంది, మింగేటప్పుడు వాల్వ్ మూసుకుని తిండి ఊపిరితిత్తుల్లోకి రాకుండా ఆపుతుంది. మొదటి ఆపరేషన్‌లోనే కొందరికి పెట్టేస్తారు, మీ నాన్నగారికి పెట్టలేదు కాబట్టి ఇప్పుడు విడిగా పెట్టాలి. ఇది పూర్తి మత్తులో చేయొచ్చు, లేదంటే మెలకువగానే కూర్చోబెట్టి, ముక్కులోంచి సన్నటి స్కోప్ అన్నవాహికలోకి పంపి, అక్కడి వరకే మత్తిచ్చి, స్కోప్‌లో చూసుకుంటూ మెడ రంధ్రం వైపు నుంచి సూది గుచ్చి దాని మీదుగా వాల్వ్ పెట్టొచ్చు. ఆయన భయం ఆపరేషన్ థియేటర్ గురించైతే ఈ మెలకువగా ఉంచి చేసే పద్ధతి కుదురుతుందేమో ప్రత్యేకంగా అడగండి. మెడ బాగా గట్టిపడినవాళ్లకి, గొంతుని వేరేచోటి కండతో తిరిగి కట్టినవాళ్లకి మత్తులో చేయడమే క్షేమం అంటారు, అది సర్జన్ చూసి చెప్పాల్సింది.

వాల్వ్ పెట్టాక కూడా కొందరికి మాట పిండినట్టు వస్తుంది, ఒకటి రెండు అక్షరాలు, అంతలో ఆగిపోతుంది, మొహం ఎర్రబడుతుంది. మన ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం పాడే ఒకాయన ఇలాగే వచ్చారు. రోజంతా గొంతుతోనే బతికిన మనిషి, రెండు అక్షరాల దగ్గర ఆగిపోయి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. స్కోప్‌లో మచ్చ లేదు, జబ్బు లేదు. అది కండరం బిగుసుకుపోవడం. గాలి తగలగానే అన్నవాహిక పై కండరం మూసుకుంటుంది. తేల్చుకోవడానికి ఆ కండరానికి వెళ్లే నరాల దగ్గర కాసేపు తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి మాట్లాడించారు, అక్కడికక్కడే పూర్తి వాక్యం వచ్చింది, గదిలో అందరం వింటూ ఉండిపోయాం. తర్వాత అదే కండరంలోకి బోటాక్స్ ఇచ్చారు. అవును, సినిమావాళ్లు ముడతలకి వాడే బోటాక్సే. కొన్నాళ్లకి దాని ప్రభావం తగ్గి మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు, కొందరికి ఈలోపు గొంతు అలవాటుపడి మళ్లీ అవసరం రాదు. కోతతో కండరం కోయడం అన్నది దీని తర్వాత ఆలోచించే మాట. కాబట్టి వాల్వ్ పెట్టాక మాట సరిగ్గా రాకపోతే "మీకు రాదు" అన్న మాట ఒప్పుకోకుండా, బిగుసుకుపోవడం ఉందేమో చూశారా అని అడగండి.

వాల్వ్ ఒకసారి పెడితే జీవితాంతం ఉండదు. చాలామందికి కొన్ని నెలలకే, మూడు నుంచి ఆరు నెలల మధ్య మార్చాల్సి వస్తుంది, కొందరికి ఇంకా తొందరగా, కొందరికి ఏడాది దాకా. ప్రధాన కారణం క్యాండిడా అనే ఫంగస్ పొర వాల్వ్ మీద పేరుకుని సరిగ్గా మూసుకోనివ్వకపోవడం. మార్చడం ఓపీలో కాసేపటి పని. రోజూ బ్రష్‌తో శుభ్రం చేయడం, తీపి తగ్గించడం, నోరు శుభ్రంగా ఉంచుకోవడం, షుగరు అదుపులో ఉంచడం వల్ల కాలం పెరుగుతుంది. మజ్జిగ వల్ల ఆ పొర తగ్గుతుందని నెదర్లాండ్స్‌లో ప్రయోగశాలలో గమనించారు, మన ఇళ్లలో మజ్జిగకి కొదవలేదు కాబట్టి తాగించండి, కానీ డాక్టర్ రాసిన ఫంగస్ మందుకి అది బదులు కాదు.

నీళ్లు తాగగానే దగ్గు వస్తోందంటే వాల్వ్ కారుతోందని అర్థం. రంగు కలిపిన నీళ్లు తాగించి, టార్చ్ వేసి మెడ రంధ్రంలో చూస్తే తెలుస్తుంది. మధ్యలోంచి కారుతుంటే ముందు శుభ్రం చేసి చూడాలి, అప్పటికీ కారితే మార్పించాలి. చుట్టూ అంచుల నుంచి కారుతుంటే విషయం వేరు. చాలామంది "ఇంకా లావుది పెట్టండి" అంటారు, అది తప్పు, రంధ్రం ఇంకా పెద్దదవుతుంది. సైజు పొడవైందేమో చూసి పొట్టిది పెట్టడం, వెడల్పు అంచున్నది పెట్టడం, చుట్టూ కుట్టు వేయడం, గోడని ఉబ్బించే ఫిల్లర్ ఇంజెక్షన్ ఇవ్వడం, కడుపులో ఆమ్లం పైకి తన్నుతుంటే దానికి మందు, ఇలా మెట్లు మెట్లుగా వెళ్తారు.

ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాల్సింది ఇంకొకటి: వాల్వ్ ఊడిపోతే ఆ రంధ్రం గంటల్లోనే మూసుకోవడం మొదలుపెడుతుంది. ఆసుపత్రివాళ్లు నేర్పిన ప్రకారం రబ్బరు క్యాథెటర్ (సన్నటి గొట్టం) ఆ రంధ్రంలో దూర్చి వెంటనే బయలుదేరండి. ఊడిన వాల్వ్ కనబడకపోతే "మింగేశాడులే" అని వదిలేయొద్దు, ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ఉండొచ్చు, ఎక్స్‌రే తీయించాలి.

వాల్వ్ అందరికీ సరిపడదని కూడా నిజాయితీగా చెప్పాలి. చూపు మందగించినవాళ్లు, చేతులు వణికేవాళ్లు, పాడేరు దాటి లోపలి గ్రామాల నుంచి రావాల్సినవాళ్లు, కారినప్పుడల్లా విశాఖ రావడం కుదరక చాలా ఇబ్బంది పడతారు. వాళ్లకి మెడకి ఆనించి మాట్లాడే ఎలక్ట్రోలారింక్స్ అనే పరికరం మేలు, గొంతు యంత్రంలా మోగినట్టు ఉంటుంది కానీ మాట అర్థమవుతుంది, కోత లేదు, కారడం లేదు. నిజానికి మీ నాన్నగారికి పరీక్షలు, వెడల్పు చేయడం అయ్యేదాకా కొన్ని నెలలు పట్టొచ్చు, అన్నాళ్లూ పలక మీదే ఉంచకుండా ఇది ఇప్పుడే మొదలుపెట్టించండి. ఖర్చు విషయానికొస్తే దిగుమతి వాల్వ్‌లు వేలల్లో ఉంటాయి, పైగా మళ్లీ మళ్లీ మార్చాలి. బెంగళూరు క్యాన్సర్ సర్జన్ విశాల్ రావు 50 రూపాయలకి ఇచ్చేలా ఔమ్ అనే వాల్వ్ తయారుచేశారు, మీ సర్జన్‌ని అది తెప్పించగలరేమో, ఆయన గొంతుకి సరిపోతుందేమో అడిగి చూడండి. రాష్ట్ర ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ వైద్య సేవలో ఏ ప్రొసీజర్‌కి ఎంత వస్తుందో, మార్చే వాల్వ్‌కి వస్తుందో రాదో ఆసుపత్రిలో ఆ పథకం చూసేవాళ్ల దగ్గర ముందే రాయించుకోండి, బిల్లు వచ్చాక కాదు.

ఇదే ప్రశ్నతో వెతుక్కుంటూ వచ్చే మిగతావాళ్ల కోసం ఒక్క ముక్క. స్వరపేటిక మొత్తం కాకుండా కొంతే తీసినవాళ్లకి, లేదా థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్‌లో నరం దెబ్బతిని ఒక స్వరతంత్రి కదలనివాళ్లకి పైన రాసిన వాల్వ్ సంబంధం లేదు. వాళ్లకి రెండు తంత్రుల మధ్య సందు వల్ల గొంతు గాలిగా వస్తుంది, నీళ్లు తాగితే పొలమారుతుంది. ఆ తంత్రి పక్కన ఫిల్లరో కొవ్వో ఇంజెక్షన్ ఇచ్చి లావు చేయొచ్చు, చాలాసార్లు మెలకువగా ఉండగానే. శాశ్వతంగా కావాలంటే జపాన్ డాక్టర్ ఇషికి 1974లో రాసిన థైరోప్లాస్టీ ఉంది, పేషెంట్‌ని మాట్లాడిస్తూనే సరిచేస్తారు. నరం తనంతట తాను కోలుకోవచ్చు కాబట్టి శాశ్వత పద్ధతికి సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది ఆగుతారు. వీళ్లకి పొలమారడం నిజమైన ప్రమాదం, దగ్గు కూడా రాకుండా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, మాటిమాటికీ న్యుమోనియా వస్తుంటే మింగుడు పరీక్ష చేయించండి.

ఎక్కడ చూపించాలి అంటే, మొదట ఆపరేషన్ చేసిన చోటికే వెళ్లండి, లోపల ఏం కోసి ఎలా కుట్టారో వాళ్లకే తెలుసు. అది కుదరకపోతే విశాఖలో అగనంపూడి దగ్గర టాటా మెమోరియల్ సెంటర్ కిందున్న హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ప్రభుత్వ ఆసుపత్రి) ఉంది, పెదవాల్తేరులో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. హైదరాబాద్ రైలెక్కే ముందు ఇక్కడ స్కోప్, బేరియం వీడియో పూర్తిచేయించండి. వెళ్లాల్సి వచ్చినా ఆ సీడీలు చేతిలో ఉంటే అక్కడ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టరు. ఆపరేషన్ నోట్స్, బయాప్సీ రిపోర్టు, ఎంత కరెంటు ఎన్నాళ్లు పెట్టారో రాసిన కాగితం, ఈ మూడూ తప్పక తీసుకెళ్లండి. డాక్టర్‌ని అడగాల్సింది కూడా సూటిగా అడగండి: ఇక్కడ వెడల్పు చేసే ప్రొసీజర్ తరచూ చేస్తారా, వాల్వ్ పెడితే కారినప్పుడు మార్చడానికి ఎవరుంటారు, థెరపిస్ట్ ఉన్నారా. మూడో ప్రశ్నకి లేదు అని వస్తే వాల్వ్ విషయంలో ఇంకోచోట కూడా అడగండి.

రక్తపరీక్షల్లో టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష చేర్పించండి. గొంతుకి కరెంటు పెట్టాక థైరాయిడ్ తగ్గిపోవడం మామూలే, నీరసం, ఒళ్లు బరువు, మలబద్ధకం అన్నీ క్యాన్సర్ ఖాతాలో వేసేస్తారు, ఒక చిన్న మాత్రతో సరిపోయేదానికి. పోర్టు బొగ్గు దుమ్ము ఇళ్ల మీద వాలే మన ఊళ్లో మెడ రంధ్రం ఎప్పుడూ తెరిచి ఉంచకూడదు, ఫిల్టర్ కొనగలిగితే మంచిది, లేకపోతే తడిపి పిండిన పలచటి నూలు గుడ్డ. బీచ్‌కి తీసుకెళ్లొచ్చు, ఒడ్డున కూర్చోబెట్టండి, నీళ్లలోకి మాత్రం వద్దు. ఆయన జేబులో "నేను మెడ రంధ్రంతో ఊపిరి పీలుస్తాను, ఆక్సిజన్ మెడకే పెట్టండి" అని రాసిన కార్డు ఉంచండి, అంబులెన్స్‌లో తెలియనివాళ్లు ముక్కుకి మాస్క్ పెట్టేస్తారు.

స్కోప్ అయ్యేదాకా జావలో పాలు, నెయ్యి, పప్పుకట్టు, కోడిగుడ్డు తింటే అది కూడా మెత్తగా మిక్సీ పట్టి కలపండి, ఉత్త గంజి మీద ఉంచొద్దు. గట్టి ముద్ద బలవంతంగా మింగించే ప్రయత్నం చేయకండి. వారానికోసారి ఒకే తూకం మీద బరువు చూసి రాసిపెట్టండి. బరువు తగ్గుతూనే ఉన్నా, జావ కూడా నిలిచిపోతున్నా, మెడలో గడ్డ తగిలినా, ఉమ్మిలో రక్తం కనిపించినా ఓపీ తేదీ కోసం చూడకుండా ఆ రోజే బయలుదేరండి.